అప్‌డేట్: ఓవర్‌లోడ్ జరిమానా కట్టేశాను, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది

మొన్న అడిగాను కదా, మా ఆరు టైర్ల లారీకి 18.5 టన్నుల దాకా అనుమతి ఉన్నా రవాణా శాఖ వాళ్లు ఎందుకు ఆపారని. మనది 2016 బండి. 2018 జులైలో ఇలాంటి రెండు యాక్సిళ్ల లారీలకు, బండీ లోడూ కలిపి అనుమతించే బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు పెరిగిన మాట నిజమే. కానీ మన ఆర్‌సీలో ఇప్పటికీ 16,200 కిలోలే ఉంది, చెకింగ్‌లో చూసింది అదే. కాటాలో బండితో కలిపి 18,200 వచ్చింది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు 2,000 చొప్పున 4,000. మొత్తం 24,000. ఎక్కువైన ధాన్యం దింపేదాకా బండి కదలనివ్వలేదు, హమాలీ ఖర్చూ మాదే. కాటాకు రానంటే జరిమానా 40,000 అయ్యేది. మా డ్రైవర్ ఎదురు మాట్లాడకుండా బండి కాటా ఎక్కించి మంచి పని చేశాడు. జీతంలో కోస్తానేమోనని పాపం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. లోడు ఒప్పుకున్నది నేను, డబ్బూ నేనే కట్టాను.

ఆర్‌సీ చూడమని చెప్పిన అన్నకు చాలా థ్యాంక్స్. ఇప్పుడు లోడింగ్ దగ్గరే కాటా చీటీ తీసుకుంటున్నాం.