జిల్లా రచయితల పటాల వరుసలో డాక్టర్ ఎం. ప్రభాకర రెడ్డికి చోటుందా?

తుంగతుర్తి పాఠకుడు:

మా గ్రంథాలయ పఠన మందిరంలో ఉమ్మడి నల్లగొండ జిల్లా రచయితల పటాలు పెట్టాలని పాఠకులం కొందరం అనుకుంటున్నాం. వట్టికోట ఆళ్వారుస్వామి, సుద్దాల హనుమంతు పేర్ల దగ్గర ఎవరికీ భిన్నాభిప్రాయం రాలేదు. తుంగతుర్తిలోనే పుట్టిన డాక్టర్ ఎం. ప్రభాకర రెడ్డి పేరు నేను ప్రతిపాదించగానే మాత్రం, ఆయన నటుడు కదా, రచయితల నడుమ ఆయనకేం పని అన్నారు. ఆ ప్రశ్నను మీ అందరి ముందు పెడుతూ నా వాదన కూడా చెబుతున్నాను.

ఆయన 1935లో పుట్టారు. హైదరాబాదులో వైద్యవిద్య పూర్తి చేసి కూడా మద్రాసు దారి పట్టి, 1960లో 'చివరకు మిగిలేది' చిత్రంతో తెరమీదికి వచ్చి, 1997లో కన్నుమూసేదాకా నాలుగు వందలకు పైగా చిత్రాల్లో నటించారు. పోలీసు అధికారిగా, న్యాయమూర్తిగా, ప్రతినాయకుడిగా ఆ నిండైన విగ్రహం జనం కళ్లకు ఎంతగా అలవాటు పడిపోయిందంటే, అదే మనిషి కథలు అల్లేవాడన్న సంగతి మరుగున పడిపోయింది. 'పండంటి కాపురం' (1972) కథ ఆయనది. ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 'కార్తీక దీపం' (1979) కథా ఆయనదే. చిత్రాలు నిర్మించారు. 'భూమి కోసం' (1974)లో లలితారాణి అనే అమ్మాయి జయప్రదగా తెరకు రావడం వెనుక ఉన్నదీ ఆయనే. మణికొండలో 10 ఎకరాల భూమిని సినీ కార్మికుల ఇళ్లకోసం ఇచ్చారు, అక్కడి చిత్రపురి కాలనీ నేడు ఆయన పేరు మీదే ఉంది. ఇన్ని పనులు చేసినందుకు ఆయనను రచయితల వరుస నుంచి తప్పించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

నకిరేకల్ వాసి:

ప్రభాకర రెడ్డి గారి మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవం వేరు, రచయితల పటాల వరుస వేరు. ఆళ్వారుస్వామి మా ప్రాంతంలో పుట్టినవాడు. 'ప్రజల మనిషి' నవల ఈ రోజుకూ చేతిలోకి తీసుకుని చదువుకోవచ్చు. హనుమంతు కట్టిన పాట పుస్తకం లేకుండానే జనం నోళ్లలో నిలిచింది. మీరు చెప్పే కథలకు మాటలు రాసినవారు ఒకరు, దృశ్యాలు మలిచినవారు ఇంకొకరు, నటించినవారు వేరొకరు. వీటిలో ఆయన వాక్యం ఏది? ఒక్క పేజీ తెచ్చి మా ముందు పెట్టగలరా? అది చూపకుండా దానధర్మాలను, పరిచయం చేసిన నటీమణులను లెక్కలోకి తెస్తే, మంచి మనిషి అయితే చాలు రచయిత అయిపోతాడన్న వాదనకు తలుపు తీసినట్టే. రేపు భూములిచ్చిన ప్రతి దాతకూ ఆ గోడమీద చోటు అడుగుతారు.

కోదాడ నుంచి:

ఆయన చిత్ర నిర్మాణం సంగతి ఎవరైనా పట్టించుకుంటారేమోనని చూశాను. మా గుడిబండ కాంతారావు గారు కత్తియుద్ధాల కథానాయకుడిగా సంపాదించినదంతా సొంత చిత్రాలు తీసి పోగొట్టుకుని, చివరి రోజుల్లో ఇబ్బందులు పడ్డారని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఒకే జిల్లా నుంచి మద్రాసు వెళ్లిన ఇద్దరూ నటులే, ఇద్దరూ నిర్మాతలే. కథ మీద పట్టున్నవారు నిర్మాణంలో నిలదొక్కుకున్నారని దీన్నిబట్టి తేల్చడం తొందరపాటే అవుతుంది, కానీ ప్రభాకర రెడ్డి గారి కథాశక్తిని అంచనా కట్టేటప్పుడు ఈ కోణాన్ని కూడా చూడాలని మనవి.

తుంగతుర్తి పాఠకుడు:

నకిరేకల్ వారు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది కనుక వివరంగానే జవాబిస్తాను.

'పండంటి కాపురం'లో అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం ఒక్కతాటిమీద సాగుతుంటుంది. ఆ కుటుంబం మీద పగబట్టిన రాణీ మాలినీదేవిగా జమున ప్రవేశించాక అది ఎక్కడెక్కడ బీటలు వారుతుందన్నదే కథ. ఇప్పుడు దీన్నే హిందీలో 'సునెహరా సంసార్' (1975) పేరుతో తీశారు. అక్కడ తెలుగు మాట ఒక్కటీ లేదు, తెలుగు పాట లేదు, ముఖాలన్నీ వేరు. మరి నిర్మాతలు డబ్బు పెట్టి కొనుక్కున్నది ఏమిటి? ఎవరికి ఎవరి మీద ఎందుకు కోపం, ఆ కోపం ఏ ఘట్టంలో బయటపడాలి, ఇల్లు ఎప్పుడు విడిపోవాలి, ఏ కారణంగా కలవాలి అన్న అల్లికను కొన్నారు. 'కార్తీక దీపం' కూడా హిందీకి అలాగే వెళ్లింది. మాటలు మారినా, మనుషులు మారినా, భాషే మారినా చెదరకుండా నిలిచే ఆ అల్లికను కట్టినవాడిని రచయిత అనకపోతే ఇంకేమనాలి? వాక్యం ఒక్కటే రచన అయితే నవలను ఇంకో భాషలోకి అనువదించినప్పుడు మూల రచయితకు అందులో ఏమీ మిగలకూడదు.

ఇక నటించడం రచయితకు తక్కువతనం అన్న భావన మన ప్రాంతానికి చెందినది కాదు. హనుమంతు గొల్ల సుద్దులు, బుర్రకథ రాసి ఊరుకున్నవాడు కాదు, దళంతో కలిసి ఊరూరా ఆడినవాడు, పాడినవాడు. ఆయన పాట తర్వాతి తరానికి 'మా భూమి' చిత్రం ద్వారా మరింతగా చేరింది, అంటే సినిమా మన సాహిత్యానికి పరాయిది కాలేదు. ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల నడిపి ఇతరుల పుస్తకాలు అచ్చువేయించారు. అది కూడా ఒక విధమైన నిర్మాణమే. పుస్తకాల మూటలు మోసుకుని తిరిగినందుకు ఆయన రచయితగా తగ్గారని మనలో ఎవరూ అనలేదు.

పాలమూరు తెలుగు ఉపాధ్యాయురాలు:

మా జిల్లా నుంచి ఒక మాట చెప్పాలనిపించింది. సురవరం ప్రతాపరెడ్డి గారు న్యాయవాది. 1926లో 'గోలకొండ పత్రిక' స్థాపించారు, రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. ఇన్ని చేసినా పాఠం చెప్పేటప్పుడు మేము ఆయనను ముందుగా 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన మనిషిగానే పిల్లలకు పరిచయం చేస్తాం. కాబట్టి పలు పనులు చేయడం అడ్డంకి కాదన్న మాటను నేను ఒప్పుకుంటాను.

అయితే తుంగతుర్తి వారు దానాన్ని ఈ వాదనలోకి తేకుండా ఉంటే బాగుండేది. సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన కాలంలో దీపాలు మోసేవారికి, రంగులు పూసేవారికి, కుట్టుపని వారికి ఇల్లే పెద్ద సమస్య. నటులకు బంగళాలు వచ్చాయి, రోజుకూలీ మీద బతికేవారికి అద్దె గదులే మిగిలాయి. అలాంటి వారి గురించి ఆలోచించి భూమి ఇచ్చిన చేతికి చేయెత్తి మొక్కాలి. ఆ కృతజ్ఞతను రచనకు మార్కులుగా కలిపితే మాత్రం రెండింటికీ అన్యాయం జరుగుతుంది. కథ బలహీనమైతే దానం దాన్ని నిలబెట్టదు, కథ బలమైనదైతే దానికి దానంతో పని లేదు.

నకిరేకల్ వాసి:

హిందీ చిత్రాల వాదన బలంగా ఉంది, దాన్ని తోసిపుచ్చను. అయినా నా అభ్యంతరం పూర్తిగా తీరలేదు. సినిమా కథ చర్చల్లో పదిమంది చేతుల మీదుగా రూపుదిద్దుకుంటుంది, పేరు మాత్రం ఒకరిది పడుతుంది. అందువల్ల ఒకటి రెండు చిత్రాల ఆధారంగా తీర్మానం చేయకండి. ఆయన కథ అందించిన చిత్రాలన్నిటి జాబితా, పేర్లు పడే చోట 'కథ' అని ఆయన పేరు కనిపించే ఆధారంతో సహా సిద్ధం చేసి పాఠకుల సమావేశంలో పెట్టండి. వరుసగా ఒకే చేతివాటం కనిపిస్తే నేనే ముందుగా సమ్మతి తెలుపుతాను.

తుంగతుర్తి పాఠకుడు:

జాబితా షరతు సమంజసమైనది, ఆ పని మొదలుపెడతాను. టీచరమ్మ గారి సూచనను కూడా స్వీకరిస్తున్నాను. పటం కింద 'కథా రచయిత, నటుడు, నిర్మాత' అన్న వరుసలోనే రాయిస్తాం, మణికొండ భూమి ప్రస్తావన అక్కడ ఉండదు. దానిని గ్రంథాలయం ప్రచురించే ఊరి చరిత్ర పుస్తకంలో, ఎవరి కోసం ఇచ్చారో ఆ కార్మికుల వివరాలతో కలిపి, విడిగా ఒక అధ్యాయంగా రాయాలని సభ్యులకు ప్రతిపాదిస్తాను. 'కథా రచయిత' అన్న మాట ముందు ఉండాలన్న విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను, ఎందుకంటే నటుడిగా ఆయనను గుర్తుపట్టేవారు మా ఊరిలో ఇంకా ఉన్నారు, ఆ కథలు ఆయనవని తెలిసినవారే కరువయ్యారు.