హెరాత్‌లో ఉన్న నా స్నేహితురాలిని ‘చనిపోవాలనిపిస్తోందా’ అని అడగొచ్చా?

సుజాత, హబ్సిగూడ:

మానసిక ఆరోగ్యం గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి జవాబివ్వండి. కొంచెం పొడవుగా రాస్తున్నాను.

ఉస్మానియాలో ఎం.ఏ. చదివేటప్పుడు నా రూమ్మేట్ అఫ్ఘనిస్తాన్ అమ్మాయి. వాళ్ళది హెరాత్. పేరు రాయను, ఆమెకు మంచిది కాదు. హాస్టల్లో కరెంటు స్టవ్ మీద బోలానీ చేసేది, మన ఆలూ పరాటా లాంటిదే, ఇంకా పల్చగా ఉంటుంది. దాంట్లోకి నేను ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి నంజుకునేది. నన్ను ‘సుజాత జాన్’ అని పిలిచేది. కోవిడ్‌లో క్లాసులు ఆన్‌లైన్ అయ్యాక ఇంటికెళ్ళింది. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది. ఆ నెలలోనే మన ప్రభుత్వం అంతకుముందు అఫ్ఘన్లకు ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేసింది. ఆమె సూట్‌కేసు ఇప్పటికీ మా అటక మీద ఉంది.

చదువు ఎలాగోలా అక్కడి నుంచే పూర్తి చేసింది. ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. 2022 డిసెంబర్‌లో ఆడవాళ్ళు అలాంటి సంస్థల్లో పని చేయకూడదన్నారు. అంతకు నాలుగు రోజుల ముందే ఆడవాళ్ళకు యూనివర్సిటీలు మూశారు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో భూకంపాలు వచ్చాయి, చాలా రోజులు వాకిట్లో టెంటు వేసుకుని పడుకున్నారు. ఆ తర్వాత మంత్రసాని కోర్సులో చేరింది, ‘ఇదైనా ఉండనిస్తారులే’ అంది. 2024 డిసెంబర్‌లో అవీ ఆపేశారు. ఆమె చెల్లికి ఇప్పుడు పదిహేనేళ్ళు. ఆరో తరగతి పైన ఆడపిల్లలకు బడి లేదు కాబట్టి, ఆ పిల్ల ఆరో తరగతి పుస్తకాలే మళ్ళీ మళ్ళీ చదువుతోంది.

ఈ మధ్య మాటల్లో తేడా వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తదు. రాత్రి రెండింటికి మెసేజ్ పెడుతుంది. ‘జిగరం ఖూన్ అస్త్’ అని రాసింది ఒకసారి. అర్థం అడిగితే ‘నా కాలేయం రక్తమైపోయింది’ అంది. ఇంకోసారి, ‘ఆ సూట్‌కేసులో బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్, నాకిక అక్కర్లేదు’ అంది. నాకు ఒళ్ళు జల్లుమంది.

2025 సెప్టెంబర్ 29న ఆ దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు చూడండి, ఆ రెండు రోజులు నేను అన్నం తినలేదు. నేను పంపిన ‘ఎలా ఉన్నావ్’ పక్కన ఒక్క టిక్కే. బూడిద రంగు టిక్కు. అక్టోబర్ 1 రాత్రి అది రెండు అయింది. తెల్లవారుజామున నీలం అయింది. ‘ఉన్నాను’ అని ఒక్క ముక్క రాసింది.

నేను అడిగేది ఇది. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడగొచ్చా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందా? వాళ్ళ అన్నయ్య నంబర్ నా దగ్గరుంది, చెప్పాలా?

రమేష్, కరీంనగర్:

అక్కా, ముందు ధైర్యం చెప్పండి. ఇవి శాశ్వతం కాదు, మంచి రోజులు వస్తాయని రోజూ చెప్పండి. దేవుణ్ణి నమ్ముకోమనండి. వాళ్ళ మతంలో ఆత్మహత్య మహాపాపం కదా, అది గుర్తు చేస్తే ఆగుతుంది.

మాధవి, విజయవాడ:

సుజాత గారూ, నేను పదకొండేళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. అడగండి. సూటిగా, ఆ మాటే వాడి అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. మోస్తున్న బరువు గురించి ఒకరు పేరు పెట్టి అడిగారని ఊపిరి పీల్చుకున్నవాళ్ళనే నేను చూశాను. ‘పిచ్చి ఆలోచనలేం లేవు కదా’ అని మాత్రం అడక్కండి. అలా అడిగితే ‘లేవు’ అనే చెబుతారు.

రమేష్ గారూ, మీరు మంచి మనసుతోనే రాశారు. కానీ పాపం అని గుర్తు చేయనక్కర్లేదు, అది ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్కడ ఇలాంటి మాట బయటికి రాకపోవడానికి పెద్ద కారణం కూడా అదే. కుటుంబం పరువు, పాపం, రెండూ కలిసి నోరు నొక్కేస్తాయి. మనకూ కొత్త కాదు. ‘కడుపునొప్పి భరించలేక’ అని మన పేపర్లలో ఎన్నిసార్లు చదివాం! ఆ కడుపునొప్పి ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

‘మంచి రోజులు వస్తాయి’ కూడా వద్దంటాను. ఉద్యోగం, చదువు, బయటికెళ్ళే స్వేచ్ఛ ఒక్కొక్కటే పోయిన మనిషికి ఆ మాట ‘నీ బాధ నాకు అర్థం కాలేదు’ అన్నట్టు వినపడుతుంది. ఆమె బాధకు కారణం ఆమె మనసు బలహీనం కావడం కాదు, ఆమెకు చేసిన అన్యాయం. అది ఆమెతో అనండి. ‘ఇది నీ తప్పు కాదు, నాకు కూడా కోపంగా ఉంది’ అనండి. కారణం బయటే ఉన్నా ప్రమాదం మాత్రం నిజమైనదే. రెండూ గుర్తుంచుకోవాలి. యుద్ధాలు చూసిన ప్రాంతాల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఆమె ‘అవును’ అంటే కంగారు పడకండి, వాదించకండి. ఎలా చేయాలని ఆలోచించిందా, ఎప్పుడని అనుకుందా అని నెమ్మదిగా అడగండి. ఇంట్లో ఆమె నమ్మే ఆడమనిషి ఎవరో కనుక్కోండి. అమ్మ, పిన్ని, వదిన, ఎవరైనా సరే. హాని చేసే వస్తువులు ఆ మనిషి చేతుల్లోకి వెళ్ళేలా చూడమనండి. ఆ కష్టమైన రాత్రి గడిచిపోవడానికి ఇదొక్కటీ చాలా పని చేస్తుంది.

అన్నయ్యకు ఆమెను అడక్కుండా చెప్పొద్దు. ఆయన మంచివాడే కావచ్చు. కానీ భయపడి ఫోన్ లాక్కుంటే మీరు కూడా ఆమెకు దూరమవుతారు. ‘ఈ రాత్రే’ అన్న మాట వస్తే మాత్రం రహస్యం పక్కన పెట్టండి, ఇంట్లో ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పండి. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పి ఉంచండి.

అక్కడ సాయం అసలు లేదనుకోకండి. హెరాత్ పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. తోడు మగవాళ్ళు లేకుండా వెళ్ళడం కష్టమే. జర్మనీకి చెందిన ఇప్సో అనే సంస్థ దరీ, పష్తో భాషల్లో వీడియోలో కౌన్సెలింగ్ చేస్తుంది, ఆమెకు పంపండి. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఐదు సిట్టింగుల్లో చేయించే పద్ధతి ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. దాన్ని పరీక్షించింది వాళ్ళ పక్క దేశం పాకిస్తాన్‌లోని పెషావర్‌లో. అక్కడ ఆందోళన, దిగులు బాగా తగ్గాయని 2016లో తేలింది. అందులో ముఖ్యమైన భాగం ఏమిటో తెలుసా? మనిషి తన చేతిలో ఉన్న చిన్న పని ఒకటి మళ్ళీ మొదలుపెట్టడం.

ఇంకోటి. రెండు రోజులు అన్నం తినలేదన్నారు. మీరు 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆమె కోసం కాదు, మీ కోసం.

సత్యనారాయణ, రాజమండ్రి:

అమ్మా సుజాతా, నేను హెరాత్ దగ్గర సల్మా డ్యామ్ కట్టినప్పుడు అక్కడ పనిచేశాను. 2016లో ప్రారంభమైంది. మాతో పనిచేసిన అక్కడి ఇంజనీరు ఎప్పుడూ ‘ఫిషార్, ఫిషార్’ అనేవాడు. నేను బీపీ అనుకుని మాత్రలు తెచ్చిచ్చాను. తీసుకుని నవ్వి ఊరుకున్నాడు. అతని తమ్ముడు పోయి అప్పటికి నెల అయిందని తర్వాత తెలిసింది. ఆ మాట ఒత్తిడికీ వాడతారు, బీపీకీ వాడతారు. నాకు మనిషిని అడగడం తెలియలేదు, మాత్రలివ్వడమే తెలిసింది. నువ్వు అడుగు తల్లీ.

ఒకటి మాత్రం చెప్పగలను. వాళ్ళకు తీసుకోవడం కంటే ఇవ్వడం ఇష్టం. ఎంత లేనివాళ్ళైనా టీ పోయకుండా పంపరు. ఆమె నీకేం ఇవ్వగలదో అది అడుగు.

సుజాత, హబ్సిగూడ:

అడిగాను. మొన్న రాత్రి. ఇంగ్లీషులో చేతకాక, హాస్టల్లో మాట్లాడుకున్నట్టు ఉర్దూలో అడిగాను. ‘మర్‌నే కా ఖయాల్ ఆతా హై క్యా?’ అని వాయిస్ మెసేజ్ పెట్టి ఫోన్ బోర్లా పెట్టేశాను.

నలభై నిమిషాల తర్వాత ఏడు నిమిషాల వాయిస్ వచ్చింది. మొదటి రెండు నిమిషాలు ఏడుపే. ఆ తర్వాత అవునంది. ఈ రాత్రి అని కాదు గానీ చాలా రోజులుగా ఉందట. ఇంట్లో ఇద్దరు ముగ్గురున్న గదిలో కూర్చుని కూడా ఎవరితో అనలేదట. ‘నువ్వు అడుగుతావనుకోలేదు’ అంది.

మాధవి గారూ, మీరు చెప్పినవన్నీ అడిగాను. వాళ్ళ ఖాలా, అంటే పిన్ని, పక్కింట్లోనే ఉంటుందట. నిన్న పొద్దున ఆమెకు చెప్పింది. ఇంట్లో మందుల డబ్బా ఇప్పుడు ఖాలా దగ్గరుంది. రాత్రిళ్ళు ఆమే వచ్చి పక్కన పడుకుంటోంది. ఇప్సో లింకు పంపాను, ఇంకా తెరవలేదు. అన్నయ్యకు వద్దంది, చెప్పలేదు.

నేను 14416కి చేశాను. చాలాసేపు మాట్లాడాను.

సత్యనారాయణ గారూ, దరీ నేర్పమని అడిగాను. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, వాళ్ళకు మూడు. బదులుగా చెల్లికి నేను ఇంగ్లీషు చెప్పాలట, ఏడో తరగతిది. పుస్తకం లేదు కాబట్టి మా మేనకోడలి పాత పుస్తకం పేజీలు ఫొటోలు తీసి పంపుతున్నాను, నెట్ బాగా లేక ఒక్కో పేజీ చాలాసేపు పడుతోంది. బట్టలు ఎవరికీ ఇవ్వనని చెప్పాను. దానికి ఆమె ఏమీ అనలేదు. ఈ రోజుకి పదకొండు పేజీలు వెళ్ళాయి.