430 అడుగుల ఇల్లు ముగ్గురికి చాలదా? చిన్న ఇంట్లో ఉండటం మీద మీ అభిప్రాయం చెప్పండి

తులసికోట:

అందరికీ నమస్తే. మా ఇంట్లో రెండు నెలలుగా ఇదే మాట నలుగుతోంది, అందుకే ఇక్కడ పెడుతున్నా. మేం మల్కాజిగిరిలో పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, సొంతదే, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. నేనే టేపు పెట్టి కొలిచాను, గోడ నుంచి గోడకి 430 చదరపు అడుగులు. ఒక హాలు, ఒక బెడ్రూం, ఇద్దరు నిలబడితే మూడో మనిషి పట్టని వంటిల్లు, బట్టలు ఆరేసుకునే బాల్కనీ. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల పాప. మా బావగారు తెల్లాపూర్ వైపు త్రీ బీహెచ్‌కే తీసుకున్నారు, మమ్మల్ని పక్క బ్లాకులో తీసుకోమంటున్నారు. ఉన్నది అమ్మి, పొదుపంతా కలిపినా ఇంకో 60 లక్షలు లోన్ కావాలి. ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్లకి లెక్క వేస్తే నెలకి 52 వేలు. మొత్తం కట్టేసరికి కోటీ పాతిక లక్షలు దగ్గర. ఆ కాగితం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిజం చెప్తున్నా, నాకు ఈ ఇల్లు ఇష్టం. ఊడ్చి తడిగుడ్డ పెట్టడానికి ఇరవై నిమిషాలు. కత్తెర ఎక్కడుందో పాప కూడా చీకట్లో తెచ్చిస్తుంది. ఏదైనా కొందాం అనుకుంటే ముందు ఎక్కడ పెడతాం అనే మాట వస్తుంది, సగం సార్లు అక్కడే ఆగిపోతాం. మూడేళ్ల కిందట అటక దింపితే పెళ్లిలో వచ్చిన స్టీలు బిందెలు ఏడు బయటపడ్డాయి, ఒక్కదానికీ నీళ్లు తగల్లేదు. అవి ఇచ్చేశాం, ఇప్పుడు అటక మీద బొమ్మల కొలువు పెట్టె, రెండు పరుపులు, అంతే. లోన్ లేదు కాబట్టే నేను స్కూల్లో ఒంటిపూట పని చేసి మధ్యాహ్నం పాప వచ్చేసరికి ఇంట్లో ఉంటున్నా. 52 వేల ఈఎంఐ వస్తే ఆ మధ్యాహ్నాలు పోతాయి కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మేం ఆలోచించనిది ఏమైనా ఉంటే చెప్పండి, తిట్టినా పర్లేదు.

గల్లీ_పిల్లగాడు:

అక్కా మీ మీద కోపం లేదు గానీ, ఈ చిన్న ఇంట్లనే సుఖం అనే మాట ఇంటే నాకు పాణం ఒకతీరుగ అయితది. మేం ఆరుగురం ఒక్క అర్రల పెరిగినం. పైన రేకులు, మూలకు పొయ్యి, దండెం మీద అందరి బట్టలు. మా అక్క బట్టలు మార్చుకోవాల్నంటే మేమంత బయటికి పోయేది. వానకాలం బయటికి పోరాదు గద, అప్పుడు గోడ దిక్కు మొఖం పెట్టి నిలబడేటోళ్లం. నేను గోడ మీద లేసిన సున్నం పెచ్చులు లెక్క పెట్టేటోన్ని, అక్క అయిపోయింది అనేదాక. గా గోడ నాకు ఇప్పటికీ యాదికున్నది. నాయినకు దగ్గు లేస్తే అందరికీ నిద్ర లేదు, ఎవలన్న చుట్టం అస్తే ఇద్దరం దోస్తుగాని ఇంట్ల పండుకునేది.

తర్వాత మాకు సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు అచ్చింది. 560 చదరపు అడుగులు. అమ్మ మొదటి రోజు ఏం జేసిందో ఎర్కేనా, బెడ్రూం లోపలికి పోయి తలుపేసి గొళ్లెం పెట్టింది, మళ్ల తీసింది, మళ్ల పెట్టింది. బయటకెళ్లి నేను ఏమైందే అంటే ఏం లేదు బిడ్డా చూస్తున్న అన్నది. యాభై ఏండ్ల మనిషి, పుట్టినకాన్నుంచి ఆమెకు మూసుకునేతందుకు ఒక తలుపు లేకుండె. మీకు 430 అంటే ఇష్టపడి ఉన్న ఇల్లు. నచ్చకపోతే పోనీకి తొవ్వ ఉన్నది. గా తొవ్వ లేనోనికి చిన్న ఇల్లు మంచిగుంటది అని చెప్పుడు నాకైతే తప్పు అనిపిస్తది.

గోదారిగట్టు:

నేను సివిల్ సైట్ల మీద ఇరవై రెండేళ్లుగా ఉన్నానండి, పెద్దవీ కట్టాను చిన్నవీ కట్టాను, నా మాట కూడా వినండి. మా అమ్మమ్మ గారిది ఉప్పాడ దగ్గర ఊరు, చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ చుట్టింట్లోనే. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు, చూరు ఎంత కిందకి ఉండేదంటే నడుం వంచకుండా లోపలికి వెళ్లలేం. మూలలు లేవు కాబట్టి గాలి పట్టుకోడానికి ఏమీ దొరకదురా అని మా తాత అనేవాడు. లోపల చోటెంతండీ, ఒక మంచం, బియ్యం డబ్బా, దేవుడి పటం. కానీ అందులో ఏడుగురు ఉండేవాళ్లు, ఇరుకని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఎవరూ లోపల బతికేవాళ్లు కాదు. వంట పక్క పాకలో, కబుర్లు వేపచెట్టు కింద, పడక వాకిట్లో నులక మంచాల మీద, వాన వస్తేనే లోపలికి. ఇల్లు అంటే సామాను తడవకుండా దాచుకునే చోటు, బతుకంతా దొడ్లో.

ఇప్పుడు మా ఏపీ సంగతి చూడండి. గత ప్రభుత్వంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున స్థలాలు ఇచ్చారు. సెంటంటే 48 గజాల చిల్లర, 435 అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు. మిగిలింది 95 అడుగులు, మెట్లూ మరుగుదొడ్డి గుంటా పోగా వాకిలి అనేదే లేదు. ఇల్లు లేనివాళ్లకి ఇల్లు రావడం మంచిదే, అది నేను కాదనను. కానీ అలాంటి కాలనీలో పోయినేడాది ఒక పెద్దాయన పోయారండి. దక్షిణానికి తల పెట్టి పడుకోబెడదామంటే కాళ్లు గేటు దాటి రోడ్డు మీదకి వస్తున్నాయి. కొడుకు మూడుసార్లు చాప అటూ ఇటూ జరిపాడు, చివరికి ఎదురింటివాళ్లు తమ బండి తీసి జాగా ఇచ్చారు. నేను అక్కడే ఉన్నాను. తర్వాత వచ్చిన ప్రభుత్వం రెండు సెంట్లు, మూడు సెంట్లు అని చెప్పింది, ఆ తేడా కాగితం మీద చిన్నగా కనపడుతుంది గానీ ఒక వాకిలి, ఒక పందిరి, ఒక గేదె అంత ఉంటుందండి. కాబట్టి మేడం గారూ, మీ 430 అడుగులు సరే, మీ గుమ్మం బయట ఏముంది? అది చెప్తే గానీ చాలుతుందో చాలదో చెప్పలేం.

తులసికోట:

గల్లీ పిల్లగాడు తమ్ముడూ, ఆ గోడ గురించి రాసింది రెండుసార్లు చదివాను. నేను అందరికీ ఇదే మంచిది అనలేదు, కానీ నా పోస్టు అలా వినపడిందని ఇప్పుడు అర్థమైంది, సారీ.

గోదారిగట్టు గారూ, మీరడిగింది నేను అసలు లెక్కలోకే తీసుకోలేదు. టెర్రస్ ఉంది, పన్నెండు ఫ్లాట్లకీ ఉమ్మడి. వడియాలు అక్కడే, ఎండాకాలం కరెంటు పోతే పడక అక్కడే. కింద సెల్లార్ లేదు కాబట్టి ముందు మట్టి నేల ఉంది, పిల్లలు ఆడుకుంటారు. మా పాప హోంవర్కు సగం రోజులు ఎదురు ఫ్లాట్ మామ్మగారి దగ్గరే. మా స్కూల్ నడిచి పది నిమిషాలు, స్టేషన్ కూడా దగ్గరే. ఇవన్నీ కలిపితే మేం ఉండేది 430లో కాదేమో.

డాలస్_డాబా:

ఇక్కడి సంగతి కూడా చెప్తా, ఎందుకంటే యూట్యూబ్‌లో ఈ టైనీ హౌస్ వీడియోలు చూసి అమెరికాలో ఏదో గొప్పగా ఉందనుకుంటారు. మా ఆఫీసులో ఒకావిడ చక్రాల మీద ఇల్లు కట్టించుకుంది. మామూలు రోడ్డు మీద లాక్కెళ్లాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మించకూడదు, అందుకని ఇల్లంతా బస్సు షేపులో ఉంటుంది. మెట్లకింద సొరుగులు, మడిచే బల్ల, పైన లాఫ్ట్‌లో పరుపు, కూర్చుంటే తల తగులుతుంది. 2018 బిల్డింగ్ కోడ్‌లో 400 చదరపు అడుగులు, అంతకన్నా చిన్న ఇళ్లకి విడిగా అనుబంధం కూడా పెట్టారు. కానీ అసలు చిక్కు ఇల్లు కాదు, నేల. చాలా ఊళ్లలో ఇల్లు ఇంత సైజుకి తగ్గకూడదని రూల్స్ ఉన్నాయి, చక్రాలున్నవాటిని బండి కింద లెక్కేస్తారు, ఎక్కడపడితే అక్కడ పెట్టుకోనివ్వరు. ఆవిడ రెండేళ్లలో మూడు చోట్లు మారింది, ఇప్పుడు నెలకి స్థలం అద్దె కడుతోంది. అప్పు లేదు, మనిషి సంతోషంగానే ఉంది, అది నేను కళ్లారా చూశాను. కానీ ఒంటరి మనిషి. పిల్లలున్నవాళ్లు అలా ఉండటం నేను ఒక్కళ్లని కూడా చూడలేదు.

మిద్దెమీద_పడక:

అమ్మా, నాకు 71 ఏళ్లు. అనంతపురంలో నాలుగు గదుల ఇల్లు కట్టినాను, 1994లో. పిల్లోళ్లు ముగ్గురూ తలా ఒక ఊరికి పోయినాక నేనూ మా ఇంటామె మిగిలినాము. ఒక గది తర్వాత ఒక గదికి తాళం వేసుకుంటా వచ్చినాము. ఆమెకు మోకాళ్లు నొప్పి, అయినా వారానికి ఒకసారి తాళాలు తీసి దుమ్ము దులిపేది, ఎవరూ పడుకోని మంచాల మీద దుప్పట్లు మార్చేది. ఎవరి కోసమే అంటే పండక్కి వస్తారేమో అనేది. ఏడాదికి నాలుగు రోజులు వచ్చేవాళ్ల కోసం ఆమె మోకాళ్లు అరిగిపోయినాయి. మూడేళ్ల కిందట ఆ ఇల్లు అద్దెకిచ్చి, ఒక గది, వంటిల్లు ఉండే చోటికి వచ్చినాము, పైన మిద్దె మాదే. ఇప్పుడు ఆమె సాయంత్రం గుడికి పోతాంది. నాకు అది చాలు.

ఇంకొకటి. గాంధీగారు 1936లో వార్ధా దగ్గర సేవాగ్రాం పోయినప్పుడు గుడిసెకు వంద రూపాయలు దాటి ఖర్చు కాకూడదు, ఆ చుట్టుపక్కల దొరికే వస్తువులతోనే కట్టాలని షరతు పెట్టినారు. ఇప్పుడు బాపూ కుటి అని చూపించేది ఆయన శిష్యురాలు మీరాబెన్ తన కోసం కట్టుకున్నది. నేను పోయి చూసినాను. మట్టిగోడ, వెదురు, చాప, రాసుకునే చిన్న బల్ల. దేశమంతా ఆ చాప దగ్గరికే వచ్చింది కదా. చిన్న చోట బతికితే మనిషి తగ్గిపోడు తల్లీ.

గల్లీ_పిల్లగాడు:

పెద్దాయనా, మీ ఇంటామె మోకాళ్ల మాట సదివి నాకు మా అమ్మ యాదికచ్చింది, దానికి దండం. గాంధీతాత ముచ్చటకు మాత్రం ఒప్పుకోను. గా గుడిసె చుట్టూ ఆశ్రమం ఉన్నది, వంట ఇంకోకాడ, అచ్చినోళ్లకు వేరే ఇండ్లు, జాగ జమ్నాలాల్ బజాజ్ అనే పెద్ద వ్యాపారిది. డాలస్ అన్న చెప్పినట్టే, గుడిసె చిన్నదే గానీ దాని కింద భూమి ఎవలదో చూడాలె. గోదారి సారు అన్నది గదే.

అక్కా ఇగ నీకే రెండు ముచ్చట్లు అడుగుత, ఏమనుకోకు. పాపకు ఇప్పుడు తొమ్మిది. ఇంకో మూడు నాలుగేండ్లకు ఆమెకు ఒక తలుపు కావాలె. హాల్ల పడుకుంటదా? రెండోది, మీ అత్తమ్మకో మీ అమ్మకో పానం బాగలేకుంటే ఏడ వెడతరు?

తులసికోట:

రెండు రోజులు ఆగి రాస్తున్నా, వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా అత్తయ్యకి పోయిన చలికాలం కంటి ఆపరేషన్ అయితే మూడు వారాలు మా దగ్గరే ఉన్నారు. బెడ్రూం ఆవిడకి ఇచ్చేశాం, నేనూ పాపా హాల్లో, మా ఆయన స్వెట్టరు వేసుకుని టెర్రస్ మీద. అదంతా బాగానే సర్దుకున్నాం అనే అనుకున్నా. కానీ ఆవిడ రాత్రి బాత్రూంకి లేవాలంటే మా మీద నుంచి దాటుకుని వెళ్లాలి, మమ్మల్ని లేపడం ఇష్టం లేక సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు తాగడం మానేశారు. ఈ సంగతి నాకు ఆవిడ చెప్పలేదు. నువ్వు అడిగాక నిన్న ఫోన్ చేసి నేనే అడిగితే అప్పుడు చెప్పారు. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

పాపని కూడా అడిగాను. నీకు గది కావాలా అంటే గది వద్దు, కానీ నేను ఏడ్చేటప్పుడు ఎవరూ చూడని చోటు కావాలి అంది. తొమ్మిదేళ్ల పిల్ల. బాల్కనీలో బట్టల వెనక నిలబడుతుందట.

తెల్లాపూర్ వెళ్లం, అది మాత్రం తేల్చేసుకున్నాం. 52 వేలకి నా మధ్యాహ్నాలు అమ్ముకోలేను, ఆ మామ్మగారినీ ఆ టెర్రస్‌నీ వదులుకోలేను. కానీ 430 చాలు అని ఇన్నాళ్లు నేను మొండిగా అన్నది కూడా సరి కాదు. మా వెనక వీధిలో పాత ఫ్లాట్ ఒకటి అమ్మకానికి ఉంది, రెండు బెడ్రూములు, చిన్నవే, 620 అంటున్నారు. ఇది అమ్మగా ఇంకో 15 లక్షలు అవుతుంది, నెలకి 13 వేలు, నా ఒంటిపూట జీతంలోనే కట్టొచ్చు. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం.

గోదారిగట్టు:

మంచి మాటండి. వెళ్లేటప్పుడు మీ టేపు తీసుకెళ్లండి, 620 అన్నది గోడల లోపలదో, మెట్లూ కారిడార్లూ కలిపిందో ముందే అడగండి. పాత ఫ్లాట్లలో అమ్మేవాళ్లు చెప్పే అంకెకీ లోపల కొలతకీ పాతిక శాతం దాకా తేడా రావడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడది మీ పాత ఇంటికన్నా ఎన్నో అడుగులు పెద్దదవ్వదు. బాత్రూం స్లాబు కింద నుంచి చెమ్మ ఉందేమో కింద ఫ్లాట్‌వాళ్లని అడిగి చూడండి.

గల్లీ_పిల్లగాడు:

అక్కా, ఇంకొకటి. రెండో బెడ్రూంల ఒక మంచం ఏసినంక తలుపు పూర్తిగ మూసుకుంటదా లేదా చూడు. మా కాలనీల శానా ఇండ్లల్ల మంచం అడ్డమై తలుపు సగమే పడతది. పాపను కూడా తోల్కపో, లోపలికి పంపి గొళ్లెం పెట్టుమను. ఆమె చెయ్యికి అందాలె.