లిథియం నక్షత్రంలో 'మండుతుందా'?

నక్షత్రాల గురించి ఒక వ్యాసం అనువదిస్తూ 'లిథియం బర్నింగ్' దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. 'లిథియం దహనం' అంటే చదివేవారికి మంట, పొగ గుర్తొస్తాయి. అక్కడ ఆక్సిజన్‌తో పనే లేదు. దాదాపు 25 లక్షల డిగ్రీల వేడిలో లిథియం-7 (లిథియంలో మామూలుగా ఎక్కువగా దొరికే రకం) కేంద్రకంలోకి ఒక ప్రోటాన్ చొరబడుతుంది, వెంటనే అది రెండు హీలియం కేంద్రకాలుగా విడిపోతుంది. ముందు కలయిక, ఆ వెంటనే చీలిక. సంలీనం అందామంటే సగమే సరిపోతుంది, విచ్ఛిత్తి అన్నా అంతే. మీరైతే ఏం వాడతారు?

జవాబు: మంచి చిక్కు పట్టుకొచ్చారండీ. 1932లో భౌతిక శాస్త్రవేత్తలు కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ కేంబ్రిడ్జిలో సరిగ్గా ఈ చర్యనే జరిపితే 'పరమాణువును చీల్చారు' అన్నారు. అదే నక్షత్రంలో జరిగితే 'మండటం' అంటున్నారు. ఖగోళ శాస్త్రంలో అసలు ప్రశ్న లిథియం ఎంత మిగిలిందన్నది కాబట్టి, నేనైతే 'హరించుకుపోవడం' అంటాను.

మీ వ్యాసంలో 'స్పాలేషన్' కూడా వస్తుంది చూడండి. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో మహావేగంతో దూసుకుపోయే కణాలు, నక్షత్రాల మధ్య వాయువులోని కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలను గుద్దితే ముక్కలు రాలుతాయి. లిథియంలో తేలిక రకమైన లిథియం-6 దాదాపు అంతా అలా పుట్టిందే. దానికి మన 'పెచ్చులూడటం' కన్నా మంచి మాట నాకు తోచలేదు. ఇంగ్లీషు మాట కూడా రాతి పెచ్చుల నుంచి వచ్చిందే. పైగా లిథియం పేరుకు మూలం గ్రీకు 'లిథోస్', అంటే రాయి! 1817లో స్వీడన్‌లో ఆర్ఫ్‌వెడ్సన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని ఒక ఖనిజంలో కనిపెట్టడం వల్ల ఆ పేరు పెట్టారు. రాయి పేరున్న మూలకం పెచ్చుగా ఊడి పుట్టడం నాకు ఎంతో నచ్చింది.

మళ్లీ నేను: 'పెచ్చులూడటం' కళ్లకద్దుకుని తీసుకుంటున్నానండీ. 'హరించుకుపోవడం' అంటే మాత్రం ఏమీ మిగలలేదనిపిస్తుంది. సూర్యుడి పైపొరల్లో లిథియం, సూర్యుడితోపాటే పుట్టిన పదార్థమైన ఉల్కల్లో ఉన్నదానిలో సుమారు 150వ వంతే అయినా, ఇంకా ఉంది. అక్కడ 'తరిగిపోయింది' అని రాస్తాను. 'నోవా' అనే నక్షత్ర పేలుళ్లలో పుట్టే బెరీలియం-7 సంగతి వేరు. 53 రోజులకోసారి సగమవుతూ లిథియంగా మారుతుంది. దానికి పాఠాల్లోని 'క్షయం' ఉండనే ఉంది, కానీ ఒకటి క్షయమై మరొకటి పుడుతోంది కదా, ఆ వాక్యంలో 'లిథియంగా మారిపోతుంది' అనే రాశాను.