ముందు 2 ఉంటే చివరి అంకెతో ఎందుకు గుణించాలి?

చీమకుర్తి అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి. ఎక్స్² + 7ఎక్స్ + 12 ఇచ్చి కారణాంకాలుగా విడగొట్టమంటే గబగబా (ఎక్స్ + 3)(ఎక్స్ + 4) రాసేస్తుంది. 2ఎక్స్² + 7ఎక్స్ + 3 ఇస్తే మాత్రం ఆగిపోతుంది. "2ని 3తో గుణిస్తే 6. గుణిస్తే 6, కూడితే 7 వచ్చే అంకెలు వెతుకు" అని ట్యూషన్‌లో చెప్పారట. అలా చేస్తే లెక్క వస్తోంది. రాత్రి అన్నం తింటూ "అసలు ఎందుకు గుణించాలమ్మా?" అంది. నాకూ అప్పట్లో బట్టీ పట్టించారు. "చెప్పినట్టు చెయ్యి" అనడానికి మనసొప్పలేదు. మా ఆయనది గ్రానైట్ పాలిషింగ్ పని, ఆయన్నీ అడిగాను. కాస్త ఎవరైనా చెప్పండి.

లెక్కల మాస్టారు, ఒంగోలు:
వెనక నుంచి రండమ్మా. (2ఎక్స్ + 5)(3ఎక్స్ + 7) గుణిస్తే 6ఎక్స్² + 14ఎక్స్ + 15ఎక్స్ + 35. ఇందులో 14 అంటే 2×7, 15 అంటే 5×3. మొదటి 6 అంటే 2×3, చివరి 35 అంటే 5×7. అవే నాలుగు అంకెలు, జతలు మారాయి. అందుకే 14×15 చేసినా 6×35 చేసినా 210. మధ్య పదంలోని రెండు ముక్కల లబ్ధం ఎప్పుడూ మొదటి, చివరి అంకెల లబ్ధమే.

కనిగిరి నుంచి:
మీ ఇంట్లో రాయి పని ఉంది కాబట్టి ముక్కలు పేర్చి చూపించండి. అట్టతోనైనా సరే. ఎక్స్ భుజంతో పెద్ద చదరాలు 2, ఎక్స్ పొడవు, అంగుళం వెడల్పుతో పట్టీలు 7, అంగుళం చదరాలు 3. పెద్దవి రెండూ పక్కపక్కన పెట్టి, వాటి పక్కన ఒక పట్టీ నిలువుగా. కింద మూడు వరసలు, వరసకి రెండు పట్టీలు, ఒక చిన్న చదరం. 7 పట్టీలు 6, 1గా విడిపోవడం కళ్ళకి కనిపిస్తుంది. ఎక్స్‌ని సరిగ్గా 4 అంగుళాలో 5 అంగుళాలో పెట్టొద్దు, పిల్లలు అంకె లెక్కపెట్టేస్తారు.

చీమకుర్తి అమ్మ:
మాస్టారూ, అన్నా, ఇద్దరికీ దండాలు. పాత పెళ్ళికార్డులు కత్తిరించి పేర్చాం. పొడవు 2ఎక్స్ + 1, వెడల్పు ఎక్స్ + 3! ఎక్స్ బదులు 10 వేస్తే అటు 273, ఇటు 21×13, అదీ 273. పాప కార్డులు వదలట్లేదు. 2ఎక్స్² + 5ఎక్స్ + 1కి మాత్రం ఎంత తిప్పినా రెండు పట్టీలు మిగిలిపోతున్నాయి.

లెక్కల మాస్టారు, ఒంగోలు:
మిగులుతాయమ్మా. 5 వర్గం 25లోంచి 4×2×1, అంటే 8 తీస్తే 17. అది ఏ పూర్ణాంకానికీ వర్గం కాదు. వర్గం అయితేనే ముక్కలు కుదురుతాయి. 2ఎక్స్² + 7ఎక్స్ + 3లో 49 − 24 = 25, అంటే 5 వర్గం వచ్చింది, అందుకే కుదిరింది. పాప తప్పేం చెయ్యలేదని చెప్పండి.