డోర్నకల్ రైలు ఊరా, మిషన్ ఊరా?

ప్రశ్న (మానుకోట చదువరి):

నమస్కారం. మా మహబూబాబాద్ జిల్లా ఊళ్ల చరిత్రను ఉపాధ్యాయ మిత్రులం కొందరం కలిసి రాసుకొస్తున్నాం. డోర్నకల్ దగ్గరికి వచ్చేసరికి మాలో మాకే పొంతన కుదరడం లేదు. రైల్వే కుటుంబాల నుంచి వచ్చినవారు జంక్షన్ పడకపోతే ఆ ఊరి పేరు ఎవరికీ తెలిసేది కాదంటారు. చర్చి సంఘస్థులేమో బిషప్ అజరయ్య గారు రాకపోయి ఉంటే అది ఇంజిన్లు నీళ్లు పట్టుకునే మరో స్టేషనుగా మిగిలిపోయేదంటారు. చుట్టూ చేలు, తండాలు తప్ప మరేమీ లేని చోట అంత పెద్ద కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే చర్చి) ఎందుకు వెలిసింది? రైల్వే కాలనీకీ మిషన్ కాంపౌండుకూ మధ్య రాకపోకలు ఎలా ఉండేవి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత గార్డు, కాజీపేట):

ముందు బొగ్గు సంగతి చూడాలండీ. భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు గుర్తించారు. నిజాం హామీతో ఏర్పడిన రైల్వే కంపెనీ 1886 నాటికి వరంగల్లు దాకా పట్టాలు వేసింది. ఆ తరువాత జరిగింది గమనించండి: 1888లో డోర్నకల్ మీదుగా ఇల్లందు దగ్గరి సింగరేణి గనులకు లైను తెరిచారు, బెజవాడకు బండి నడిచింది మాత్రం 1889లో. అంటే మనం ఈనాడు శాఖా మార్గంగా చూసే ఇల్లందు దారే ముందు పుట్టింది. జనం కోసం కాదు, బొగ్గు కోసం పుట్టిన జంక్షన్ అది. ఈ రైలు పథకం ఎవరికి లాభమన్న వివాదం హైదరాబాదులో అప్పట్లోనే చెలరేగింది. చాందా (నేటి చంద్రపూర్) రైల్వే పథకాన్ని వ్యతిరేకించినందుకు సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను 1883లో నగరం నుంచే పంపించివేశారు.

ఊరి స్వభావం తెలియాలంటే అక్కడ బండి దిశ మారే పద్ధతి చూడాలి. విజయవాడ వైపు నుంచి కొత్తగూడెం వెళ్లే ప్యాసింజరు డోర్నకల్లో ఆగాక ఇంజిన్‌ను విడదీసి, పక్క లైను మీదుగా వెనక కొసకు తెచ్చి తగిలించేవారు. ఆవిరి రోజుల్లో ఆ వ్యవధిలోనే నీళ్లు పట్టాలి, బూడిద రాల్చాలి, నిప్పు సరిచేసుకోవాలి. బ్రేకులను నడిపే వాక్యూమ్ గొట్టాలు కలిపాక నా బ్రేకు పెట్టె (గార్డు పెట్టె)లోని గేజిలో ముల్లు లేవనిదే పచ్చజెండా ఊపేవాణ్ణి కాదు. కొత్తవారు బండి వచ్చిన దారినే వెనక్కి పోతోందని కంగారుపడి దిగిపోబోయేవారు. ఆ నిలుపుదల మీదే టీ కొట్లు, పళ్లబుట్టలు, కూలీలు బతికారు. షంటింగు కూతలతోనే ఊరికి తెల్లవారేది.

జవాబు (ఖమ్మం నుంచి, చరిత్ర అధ్యాపకురాలు):

గార్డు గారు చెప్పిన కాలక్రమంతో నాకు పేచీ లేదు. అయితే ఆ బొగ్గు జంక్షన్‌ను ఊరుగా మార్చింది ఎవరన్నదే అసలు ప్రశ్న. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించుకుని, దాని పనికి ఈ నిజాం ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ సంఘాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే డోర్నకల్ వచ్చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు నుంచి బెజవాడ మీదుగా నేరుగా రైల్లో చేరగలగడం, అక్కడి నుంచి ఎడ్లబండి మీదో సైకిలు మీదో చుట్టుపక్కల పల్లెలకు పోగలగడం ఆయన పనికి ఎంత కలిసివచ్చాయో వేరే చెప్పనక్కరలేదు. కనుక పట్టాలు లేకుండా అజరయ్య లేరన్న మాటను నేనూ ఒప్పుకుంటాను.

కానీ సంఘంలో చేరినవారిలో అత్యధికులు రైల్వే ఉద్యోగులు కారు, పల్లెల్లోని మాల మాదిగ కుటుంబాలవారు. తమిళుడైన బిషప్పు తెలుగు నేర్చుకుని, వారికి బడులు పెట్టి, పంట చేతికొచ్చినప్పుడు ధాన్యమే కానుకగా తెచ్చే పండుగలు నడిపి, మన జానపద బాణీల్లోనే పాటలు పాడించారు. కెథడ్రల్ కూడా అదే ఆలోచనతో కట్టింది. గుమ్మటాలూ మినార్లూ మసీదును తలపిస్తాయి; స్తంభాలూ మండపమూ మన గుడి పద్ధతిలో ఉంటాయి. దేశంలోని చర్చిలన్నీ ఇంగ్లండు నమూనాలో ఎందుకు ఉండాలన్నది ఆయన వాదన. నిధులు చాలక ఏళ్ల తరబడి సాగిన ఆ కట్టడాన్ని 1939 జనవరి 6న, క్రీస్తు ప్రత్యక్షత పండుగ (ఎపిఫనీ) నాడు ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్య సమాధి డోర్నకల్లోనే ఉంది. వేర్వేరు ప్రొటెస్టంట్ సంఘాలు ఒకటై ఏర్పడాలని ఆయన ఏళ్ల తరబడి కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది 1947లో, అంటే ఆయన దాన్ని చూడనేలేదు.

జవాబు (ఇల్లందు వాడిని):

పెద్దలిద్దరూ చెప్పింది బాగుంది. కానీ ఈ చర్చలో తండాల ఊసే లేదు. డోర్నకల్ సంతకు, స్టేషనుకు, బడికి వచ్చినవారిలో చుట్టుపక్కల లంబాడీ కుటుంబాలు తక్కువేమీ కావు. రెండు కాంపౌండుల చరిత్రగా రాస్తే సగం ఊరు బయటే ఉండిపోతుంది.

మరో మాట. 1980లలో విజయవాడ, కాజీపేట మార్గం విద్యుదీకరణ జరిగి ఆవిరి ఇంజిన్లు తప్పుకున్నాక, వాటితోపాటు ఫైర్‌మన్లు, బొగ్గు నింపేవారు, ఇంజిన్ షెడ్డు పనివారు కూడా తప్పుకున్నారు. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, పిల్లలు ఖమ్మమో వరంగల్లో చేరారు. సంఘానికి మాత్రం ఆ దెబ్బ అంతగా తగల్లేదు, ఎందుకంటే దాని మనుషులు పల్లెల్లో ఉన్నారు. ఊరిని పుట్టించింది ఎవరన్న దానికంటే, షెడ్డు పోయాక దాన్ని నిలబెట్టింది ఎవరన్న ప్రశ్న మీ పుస్తకానికి ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. తండాల గురించి విడిగా ఒక అధ్యాయం పెడతాం. కాలనీకీ కాంపౌండుకూ సంబంధం మాత్రం ఇంకా తేలలేదు. దానికి ఆధారాలు ఎక్కడ వెతకాలి?

జవాబు (ఖమ్మం నుంచి, చరిత్ర అధ్యాపకురాలు):

చర్చి బాప్తిస్మ రిజిస్టర్లతో మొదలుపెట్టండి. వాటిలో సాధారణంగా తండ్రి వృత్తి, నివాసం రాస్తారు. పాయింట్స్‌మన్, గ్యాంగ్‌మన్, ఫిట్టర్ వంటి రైల్వే ఉద్యోగాల పేర్లు ఏ సంవత్సరాల్లో ఎన్నిసార్లు కనిపిస్తున్నాయో లెక్కగడితే కాలనీ నుంచి సంఘంలో ఎందరు చేరారో దాదాపుగా తేలుతుంది. పాస్టరు గారి అనుమతి తీసుకుని వెళ్లండి, ఈనాటి కుటుంబాల పేర్లు మాత్రం పుస్తకంలో వేయకండి. రైల్వే పెన్షనర్లను పలకరించే పని గార్డు గారికి అప్పగించండి. మీకంటే ఆయనకే వాళ్లు ఎక్కువ చెబుతారు.