ఊరి నర్సు (ఏఎన్ఎం) ఆరోగ్య సబ్‌సెంటర్ ఉన్న ఊళ్లోనే కాపురం ఉండాలా, వద్దా?

గోదారిగట్టు: మా చిన్నప్పుడు నర్సమ్మ క్వార్టర్‌లోనే ఉండేది. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికేది. ఇప్పటి సిస్టర్ పదింటి బస్సు దిగి నాలుగింటి బస్సు ఎక్కేస్తోంది. ఊళ్లో ఉండని మనిషిని ఊరెలా నమ్ముతుంది?

సూదిమందు: ఏఎన్ఎంగా 14 ఏళ్ల సర్వీసు నాది. లెక్క ప్రకారం మైదానంలో 5,000 మందికి, ఏజెన్సీలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్. నాకిచ్చిన క్వార్టర్‌లో బాత్‌రూమ్‌కి తలుపే లేదు. నమ్మకం కాపురంతో రాదండీ. బిడ్డకి ఆరో వారం పెంటావాలెంట్ (ఐదు జబ్బులు రాకుండా వేసే టీకా) వేసినప్పుడే "రాత్రికి జ్వరం రావచ్చు, భయపడకండి" అని చెప్పాలి. మర్నాడు గుమ్మంలోకెళ్లి "పాప పాలు తాగిందా?" అని అడగాలి. అప్పుడు పదో వారానికి వాళ్లే బిడ్డనెత్తుకుని వస్తారు.

రచ్చబండ: ఆన్‌లైన్ ఎంట్రీలతోనే సరిపోతోంది వాళ్లకి. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

గోదారిగట్టు: బాత్‌రూమ్ సంగతి పంచాయతీని అడగండి. మొన్న టీకా వేసిన రాత్రి మా మనవడికి 102 జ్వరం, తొడ గట్టిపడిపోయింది. సిస్టర్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. నాలుగింటికి వెళ్లిపోవడం అబద్ధమా?

సూదిమందు: అది దాటితే మళ్లీ బస్సుండదు!

గోదారిగట్టు: అందుకే ఊళ్లో ఉండమంటున్నా.

చిన్నకోడలు: మా సిస్టర్ ఈ ఊళ్లోనే ఉంటుంది, మా అత్తకి వరసకి తోడికోడలు. రెండో బిడ్డ ఇప్పుడే వద్దనుకుని, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ గురించి ఆమెని అడగడానికి నోరు రాలేదు. సాయంత్రానికల్లా అత్తకి తెలిసిపోతుంది. పీహెచ్‌సీకి వెళ్లి డాక్టరమ్మ దగ్గర వేయించుకున్నా.

గోదారిగట్టు: ఇంట్లో పెద్దవాళ్లకి తెలియకుండానా? నా బాధ కూడా అదే. సిస్టర్ మా కోడల్ని లోపలికి తీసుకెళ్లి తలుపేసి మాట్లాడింది. నేను మనవణ్ని ఎత్తుకుని వరండాలో నిలబడ్డా. పాత నర్సమ్మయితే ముందు మా అమ్మతో మాట్లాడేది.

సూదిమందు: అయితే గొడవ బస్సు గురించి కాదన్నమాట! లోపల చెప్పిన మాట వరండాలోకి వస్తే, రేపు కడుపులో బిడ్డ కదలట్లేదన్నా ఎవరితో చెప్పుకుంటుందండీ ఆ పిల్ల?

గోదారిగట్టు: అంటే నేను పరాయివాణ్నా?

సూదిమందు: కాదండీ. ఆ రాత్రంతా మేలుకున్నది మీరు. మర్నాడు వచ్చి మిమ్మల్ని పలకరించకపోవడం ఆవిడ తప్పే. తలుపేయడం తప్పు కాదు.

గోదారిగట్టు: తలుపు సంగతి నేనొప్పుకోనమ్మా. బుధవారం టీకాలకి వస్తుందిగా, జ్వరం గురించి మాత్రం అడుగుతా.